పచ్చ సిరాతో గీసిన చారు గిన్నె

రిటైరయ్యాక నాకు మధ్యాహ్నం నిద్ర అలవాటైంది. అన్నం తిని, హన్మకొండలో మా ఇంటి వెనక గదిలో నడుం వాలుస్తాను. కిటికీకి కట్టిన పాత చీర గాలికి ఊగుతూ ఉంటుంది. రోడ్డు మీద బస్సుల హారన్లు నీళ్లలోంచి వినిపించినట్టు వినిపిస్తాయి. నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే ఆ కాస్త సేపట్లో నాకు ఇంగువ వాసన వస్తుంది. మా ఇంట్లో ఇంగువ వాడటం మానేసి ఇరవై ఏళ్ల పైమాటే. అయినా వస్తుంది. ఆ వాసన వెనకే ఒక ఇరుకు మెట్ల దారి, ఒక వంటగది, ఆ గోడ మీద నా చేతి బొమ్మలు కనిపిస్తాయి. అప్పుడు లేచి కూర్చుంటాను.

ఈ మధ్య డైటీషియన్లుగా కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. వాళ్లకు నేను బాగుచేసిన కేసు కావాలని నాకు తెలుసు. నేను పాడుచేసిన కేసు చెప్పాను. వాళ్లు మర్యాదకు విన్నారో, నిజంగానే విన్నారో తెలియదు. అందుకని మీ కోసం రాసి పెడుతున్నాను.

వరంగల్‌లో ఒక చిన్న పిల్లల ఆసుపత్రిలో నేను డైట్ సెక్షన్ చూసేదాన్ని. సెక్షన్ అంటే పెద్ద మాటే. ఓపీ వరండా చివర ఒక బల్ల, ఒక కుర్చీ, రెండు పెన్నులు, నేను. నా దగ్గరికొచ్చే తల్లుల్లో చదువు రానివాళ్లే ఎక్కువ. అందుకని ఓపీ చీటీ వెనక బొమ్మలు గీసి ఇచ్చేదాన్ని. తినదగినవి పచ్చ సిరాతో, తినకూడనివి ఎర్ర సిరాతో. నేను గీస్తే కోడిగుడ్డూ బంగాళాదుంపా ఒకేలా ఉంటాయని మా హెడ్ సిస్టర్ పగలబడి నవ్వేది. నవ్వితే నవ్వింది గాని, జనం నన్ను "బొమ్మల మేడం" అని పిలుస్తుంటే లోలోపల నాకు గర్వంగా ఉండేది. చాలా గర్వంగా ఉండేది అనే చెప్పాలి. నోటి దురుసు కూడా దానికి తగ్గట్టే ఉండేది.

ఆ పిల్ల బజారులో కిరాణా దుకాణం నడిపే ఇంటి పిల్ల. ఆరేళ్లది, చూస్తే మూడేళ్లదనిపించేది. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండంత. మొహంలో రక్తం లేదు. రోజుకు నాలుగైదు సార్లు విరేచనాలు. పురుగుల మందు తాగించారు, టానిక్కులు తాగించారు, దిష్టి తీయించారు. మేడారం పోయి నిలువెత్తు బంగారం మొక్కు కూడా చెల్లించారు. మాకు నిలువెత్తు బంగారం అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. రెండు ముద్దలు పెట్టగానే తక్కెడ సమానమైపోయిందట. ఆ సంగతి చెప్పి వాళ్ల నాయనమ్మ మా వరండాలో ఏడ్చింది.

ఆ పిల్లను ఎత్తుకొచ్చేదీ, ఒళ్లో కూర్చోబెట్టుకునేదీ ఆ నాయనమ్మే. డబ్బాలో అన్నం తెచ్చేది. క్యూలో కూర్చుని చేత్తో మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టేది. ఇంకెవరు పెట్టినా ఆ పిల్ల నోరు తెరిచేది కాదు.

పిల్ల మూడుసార్లు మా వార్డులో చేరింది. మూడుసార్లూ నేను రాసిన పథ్యం ఒకటే, పాలూ బ్రెడ్డూ. మన దగ్గర జ్వరమొచ్చినా, కడుపు చెడినా బ్రెడ్డే కదా. పిల్ల ఎంత నీరసపడితే అంత బ్రెడ్డు పెట్టించాను. తినలేదంటే ఆయాను కేకలేసి మరీ తినిపించాను.

అప్పుడే ఉత్తరాదిన చదువుకుని ఒక పిల్లల డాక్టరు మా ఆసుపత్రికి వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. కేస్ షీట్ చూసి, "ఈ పాప రోజూ ఏమేం తింటుందో వరసగా చెప్పండి" అన్నారు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పొద్దున పాలల్లో బిస్కెట్లు, తరవాత ఉప్మా, సాయంత్రం చపాతీ, ఇక్కడ చేరితే బ్రెడ్డు. ఆయన ఒక్కొక్కదానికీ ఒక్కో వేలు ముడిచారు. ఆ పిడికిలి అలాగే నాకు చూపించి, "అన్నీ గోధుమే కదా మేడం" అన్నారు.

పరీక్షకు రక్తం హైదరాబాదు పంపాం. తరవాత పిల్లను అక్కడికే తీసుకెళ్లి, గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. సీలియాక్ అని తేలింది. గోధుమలో గ్లూటెన్ అని ఒక పదార్థం ఉంటుంది. దాన్ని చూస్తే ఈ పిల్లల ఒళ్లు తిరగబడుతుంది, ఆ పోట్లాటలో పేగు లోపలి పొర అరిగిపోతుంది. ఇక ఏం తిన్నా ఒంటికి పట్టదు. మందంటూ లేదు. బతికినన్నాళ్లూ గోధుమ ముట్టకుండా ఉండటమే మందు. ఉంటే మాత్రం అందరిలాగే పెరుగుతారు.

నేను సంబరపడిపోయాను. అన్నం తినే ఊళ్లో ఇదొక కష్టమా? చీటీ తీసి ఎప్పుడూ గీయనంత శ్రద్ధగా గీశాను. ఎర్ర సిరాతో చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్టు, ఉప్మా రవ్వ, సేమ్యా. పచ్చ సిరాతో అన్నం, జొన్నరొట్టె, పప్పు, పెరుగు, అరటిపండు. గుడ్డు గీయబోతే నాయనమ్మ "రామ రామ" అని చెవులు మూసుకుంది. దాన్ని బంగాళాదుంపగా మార్చాను, అందుకు పెద్దగా కష్టపడనక్కర్లేకపోయింది. చివర మిగిలిన చోట ఒక చారు గిన్నె గీశాను. ముద్దొచ్చి, దాని మీద ఆవిరి కూడా పెట్టాను. "ఏం లేకపోయినా చారన్నం పెట్టండి, కళ్లు మూసుకుని పెట్టండి" అన్నాను.

నాయనమ్మ చీటీని కళ్లకద్దుకుంది. వెళ్లబోతూ మళ్లీ వెనక్కి వచ్చింది.

"బిడ్డా, పొట్ట ఉబ్బినప్పుడు మజ్జిగల ఇంత ఇంగువ ఏసి తాపొచ్చా?"

నేనప్పటికే తరవాతి చీటీ మీద ఉన్నాను. తలెత్తకుండానే, "తాపండమ్మా, మంచిదే" అన్నాను.

మొదటి నెల పిల్ల కాస్త తేరుకుంది. తరవాత ఆగిపోయింది. పొట్ట అలాగే, విరేచనాలు అలాగే. ఆరో నెలలో మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే, గోధుమ మానేస్తే దిగాల్సిన అంకె దిగలేదు. "ఎక్కడో తింటోంది. ఎక్కడో వెతకండి" అన్నారు డాక్టరు. నాకు వెతకాల్సిన పనే కనిపించలేదు. ముసలమ్మలు మనకు తెలియనివాళ్లా? పిల్ల ఏడిస్తే కొంగు చాటున ఒక బిస్కెట్టు పెట్టకుండా ఉంటారా?

ఆ సోమవారం వరండా కిటకిటలాడుతోంది. క్యూలో అందరూ చూస్తుండగా నేను నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను.

"చాటుమాటుగా ఏం పెడుతున్నారు దీనికి?"

"నేనేం పెడ్తలే బిడ్డా. నువ్వు గీసిందే పెడ్తాన."

"అబద్ధాలాడకండి. మీ ప్రేమే దీన్ని చంపుతోంది, తెలుసా?"

బల్ల ముందు నిలబడ్డ వాళ్లెవరో, "ముసలోళ్లు గంతే మేడం, చెప్తె వినరు" అని వంతపాడారు. నాయనమ్మ తన ఒళ్లో ఉన్న పిల్లను కోడలి ఒళ్లోకి మార్చింది. ముద్ద కలుపుతున్న చేతిని కొంగుతో తుడుచుకుని, ఆ చేతిని కొంగులోనే దాచుకుంది. నేను చూశాను. చూసి కూడా తరవాతి చీటీ అందుకున్నాను.

తరవాత రెండు వారాలకు బల్ల దగ్గరికి తల్లి ఒక్కతే పిల్లను పట్టుకొచ్చింది. నాయనమ్మ దూరంగా వరండా స్తంభం దగ్గరే నిలబడిపోయింది. "అత్తమ్మ ఇప్పుడు ముద్దలు పెడ్తలేదు మేడం. ఆ రోజు నుంచి పిల్లను ముట్టాల్నంటెనే భయపడ్తాంది. ఇదేమో ఆమె పెట్టకుంటె తింటలేదు" అని తల్లి గొంతు తగ్గించి చెప్పింది. బరువు తూచాం. కిలోన్నర తగ్గింది. అప్పటికే అంత చిన్న ఒంట్లోంచి కిలోన్నర. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకొక్క విరేచనాల జబ్బు పట్టుకుందంటే ఈ పాప నిలబడటం కష్టమన్నారు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఆటోలో బజారుకు పోయాను. ఇల్లు దుకాణం మీదే. మిరపకాయల ఘాటు, బెల్లం తీపి కలిసిన గాలిలోంచి ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే వంటగది. పైన గాజు పెంకులోంచి ఒక్క ఎండ చారిక నేల మీద పడుతోంది, అందులో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. నా కలలోకి వచ్చే వంటగది ఇదే. పొయ్యి పక్క గోడకు నా చీటీ అంటించి, నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. దేవుడి పటానికి పెట్టినట్టు పెట్టారు.

నిజం చెబుతున్నాను, నేను దొంగను పట్టుకోవడానికే పోయాను. డబ్బాలన్నీ మూతలు తీసి చూశాను. గోధుమపిండి లేదు, రవ్వ లేదు. పిల్లకు వేరే పళ్లెం, వేరే గరిటె. చపాతీ తినాలనిపిస్తే మగవాళ్లు బయట ఎక్కడో తినొస్తున్నారట. ఆ ఇంట్లో వెతికిన కొద్దీ నాకు సిగ్గేసింది. నాయనమ్మ గుమ్మం అవతలే నిలబడి ఉంది, లోపలికి రాలేదు.

అన్నం వేళైంది. తల్లి చారుకు పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడాక ఒక గాజు జాడీలోంచి చెంచాడు పొడి తీసి వేసింది. గుప్పుమని ఇల్లంతా వాసన నిండింది. అంత కమ్మటి ఇంగువ వాసన నేను ఎక్కడా చూడలేదు.

"ఏ కంపెనీ ఇంగువమ్మా ఇది?" అన్నాను, మాటవరసకే.

తల్లి నవ్వింది. "కంపెనీది ఎందుకైతది మేడం? మనింటిదే."

గుమ్మం అవతలి నుంచి నాయనమ్మ అన్నది. ఆ రోజు ఆమె నోరు విప్పడం అదే మొదలు. "మా మామ నేర్పిన కలుపుడు. ముద్ద ఇంగువ తెప్పిచ్చి, జిగురు, గోధుమపిండి ఏసి కలిపి, ఎండవెట్టి దంచుతం. వట్టి ఇంగువ ఎవలు తింటరు బిడ్డా, నోరు కాలదా?"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది.

వాళ్లకు తెలియక కాదు. తరతరాలుగా అందులో పిండి కలుపుతున్నది వాళ్లే. కాని వాళ్ల లెక్కలో గోధుమంటే చపాతీ, రవ్వ. ఇంగువ ఇంగువే, అది తిండి కాదు, కడుపుకు మేలు చేసే మందు. మరి నాకేమైంది? బజారులో దొరికే ఇంగువ పొడుల్లో చాలావాటికి పిండి కలుస్తుందని నేను చదువుకున్నదాన్ని. చదివి, పరీక్ష రాసి, మరిచిపోయి, ఆ చారు గిన్నెను పచ్చ సిరాతో గీసినదాన్ని. ఆవిరితో సహా.

అప్పుడు మజ్జిగ గుర్తొచ్చింది. "మజ్జిగలో రోజుకెన్నిసార్లు ఇస్తున్నారు?" అన్నాను.

"పొద్దుగాల, పగటికి, మాపటికి" అన్నది నాయనమ్మ. "పొట్ట బాగ ఉబ్బితె ఇంకోసారి."

ఆసుపత్రిలో నేను పిల్ల నీరసపడిన కొద్దీ బ్రెడ్డు పెట్టించాను. ఇంట్లో ఆమె పొట్ట ఉబ్బిన కొద్దీ ఇంగువ తాపింది. నేను చెప్పనక్కర్లేకుండానే ఆమెకు అర్థమైపోయింది. తన కుడిచేతిని తిప్పి చూసుకుంటూ, "అయితే నా చేతుల్తోనే..." అని ఆగిపోయింది.

"కాదమ్మా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. "మీరు నన్నడిగారు. నేను తలెత్తి చూడకుండా మంచిదే అన్నాను. తప్పు నాది. మీరు నేను గీసిందే పెట్టారు."

పెద్దవాళ్లు కదా, పోనీలే బిడ్డా అంటుందనుకున్నాను. అనలేదు.

"ఆనాడు గంతమంది ముంగట అన్నవు బిడ్డా. గిప్పుడు వంటింట్ల చెప్తానవ్."

అంతే అన్నది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

హెడ్ సిస్టర్‌కు చెబితే ఆమె తలుపు దగ్గరగా వేసింది. "కారణం దొరికింది, ఇంగువ మానేస్తరు, పిల్ల బాగైతది. కేస్ షీట్ల ఆ ముక్క రాసి ఊకో. ఓపీల నిలబడి తప్పయిందని చెప్తె రేపటి నుంచి నీ చీటీ ఎవలు నమ్ముతరు?" అంది. అది దొంగ సలహా ఏం కాదు, నిజంగానే అది నా భయం కూడా. డాక్టరు మాత్రం "మీ ఇష్టం మేడం" అని చీటీలు చూసుకున్నారు. ఆ శని, ఆదివారాలు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. అన్నం ముందు కూర్చుంటే చారు గిన్నె నన్నే చూస్తున్నట్టుండేది.

సోమవారం వాళ్లు వచ్చారు. నాయనమ్మ ఈసారి స్తంభం దగ్గర ఆగలేదు. ఆ రోజు కూర్చున్న బెంచీ మీదే, ఆ చోటే కూర్చుంది. పిల్ల తల్లి ఒళ్లో ఉంది. వరండా నిండా జనం. నేను కుర్చీలోంచి లేచాను.

"మొన్న ఒక సోమవారం ఈ అమ్మను మీ అందరి ముందు తిట్టాను" అన్నాను. "ఆమె తప్పేం లేదు. నేను రాసిచ్చిన చీటీలోనే తప్పుంది."

వెనక నుంచి ఎవరో అరిచారు. "వినవడ్తలేదు మేడం, జర గట్టిగ చెప్పు!"

ఒకసారి చెప్పడమే గగనమైతే రెండోసారి! గొంతు సవరించుకుని, ఈసారి గేటు దాకా వినపడేలా మొత్తం చెప్పాను. ఇంగువ సంగతి, మజ్జిగ సంగతి, తలెత్తకుండా మంచిదే అన్న సంగతి. అప్పుడు ముందు వరసలో ఉన్న ఒక తాత తన మనవడి చీటీ నా ముందుకు జరిపాడు. "అయితె మాది గూడ జర మళ్లొక్కసారి సూడు మేడం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు అన్నానికి లేవకుండా, వచ్చిన ప్రతి చీటీనీ మళ్లీ చూశాను.

తలెత్తేసరికి నాయనమ్మ బెంచీ మీద డబ్బా మూత తీస్తోంది. పెరుగన్నం. కొంగులోంచి చేయి బయటికి తీసి, మెల్లగా పిసికి ముద్ద చేస్తోంది. ఆ ముద్ద ఇంకా డబ్బాలో ఉండగానే పిల్ల నోరు తెరుచుకుని కూర్చుంది.

ఆమె నన్ను క్షమించానని అనలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ జాడీని ఆ వారమే కడిగి బోర్లించారు. మూడు నెలల్లో పిల్ల పొట్ట తగ్గింది, ఏడాదికల్లా జుట్టు ఒత్తుగా వచ్చింది. మరుసటి మేడారం జాతరకు మళ్లీ నిలువెత్తు బంగారం మొక్కు చెల్లించారు. ముద్ద మీద ముద్ద పెడుతున్నా పిల్ల వైపు తక్కెడ లేవలేదట. తెచ్చిన బెల్లం చాలక మళ్లీ కొనుక్కొచ్చామని వాళ్ల నాన్న ఆసుపత్రికొచ్చి చెప్పిపోయాడు. ఆ ప్రసాదం నా బల్ల మీద పెట్టి, "ఇది మా బిడ్డ గూడ తినొచ్చు మేడం" అన్నాడు.

కథ అక్కడితో అయిపోలేదు, ఈ జబ్బు అలా అయిపోదు. ఇంజనీరింగ్ హాస్టల్లో చేరాక పిల్ల అందరితో పాటు పూరీలు తింది. ఒకరోజు ఏం కాలేదు, రెండో రోజూ ఏం కాలేదు. జబ్బు పోయిందనుకుంది. ఏడాది తిరిగేసరికి రక్తం పడిపోయి, క్లాసు బయట కళ్లు తిరిగి కూలబడింది. నా దగ్గరికొచ్చి, "తిట్టండి మేడం" అంది. తిట్టడం నేను ఎప్పుడో మానేశానని దానికి తెలియదు. కడుపు అరవకపోయినంత మాత్రాన లోపల పేగు ఊరుకున్నట్టు కాదని కూర్చోబెట్టి చెప్పాను. అప్పటి నుంచి పెళ్లికి పోయినా చావుకు పోయినా చేతిలో డబ్బా ఉండాల్సిందే. పెళ్లిచూపుల్లో అబ్బాయికి కాఫీ కన్నా ముందు తన జబ్బు సంగతి చెప్పింది. ఇప్పుడు హసన్‌పర్తి వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. ముప్పైకి దగ్గరపడింది.

పోయిన నెల ఫోన్ చేసింది. "మేడం, నాయనమ్మ మిమ్మల్ని రమ్మంటాంది."

అవే మెట్లు. నా మోకాళ్లు మాత్రం అవి కావు. వంటగది పక్కనే కిటికీ కింద మంచంలో నాయనమ్మ ఉంది. ఎనభై దాటింది. నాలుక రుచి పోయిందట, ఏం పెట్టినా వద్దంటోంది. ఏం తినాలనుందని అడిగితే, ఇంగువ చారు అందట. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో లేని వాసన. పిల్ల వెతికి వెతికి, బియ్యప్పిండితో చేసిన ఇంగువ డబ్బా ఒకటి తెచ్చింది. నాయనమ్మ ముట్టనివ్వలేదు. మేడాన్ని అడగందే ఆ డబ్బా మూత తీయొద్దన్నది.

నన్ను మంచం పక్కన కూర్చోబెట్టి, డబ్బా నా చేతిలో పెట్టింది. "బిడ్డా, ఇది చారుల ఏయొచ్చా? చిన్నది గూడ తింటది."

నేను కళ్లద్దాలు పెట్టుకున్నాను. డబ్బాను కిటికీ వెలుతురులోకి తిప్పి, చిన్నచిన్న అక్షరాలు ఒక్కొక్కటే చదివాను. ఏమేం కలిపారు, పరీక్ష చేయించారా, ఎక్కడ తయారైంది. పిల్ల నవ్వింది. "మేడం, నేను నాలుగుసార్లు చదివిన." నేను వినిపించుకోలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. నాయనమ్మ తొందరపెట్టకుండా నా మొహమే చూస్తూ కూర్చుంది. చదవడం అయ్యాక తలెత్తి, ఆమె కళ్లలోకి చూశాను.

"వేయొచ్చమ్మా."

చారు పొంగింది. పోపు చుయ్యిమంది. ఎండ చారికలో దుమ్ము మెల్లగా తిరుగుతోంది, వాసన ఇల్లంతా నిండింది. ఒక్క క్షణం నేను మా ఇంట్లో మధ్యాహ్నం నిద్రలో ఉన్నాననుకున్నాను. నాయనమ్మ గిన్నె ఒళ్లో పెట్టుకుని వణికే చేత్తో అన్నం కలిపింది. మొదటి ముద్ద తను తినలేదు. ముప్పైకి దగ్గరపడ్డ పంతులమ్మ మంచం మీదికి వంగి నోరు తెరిచింది.

రెండో ముద్ద నా వైపు చాపింది.